ముక్కు పట్టిన చెయ్యి

నాంచారమ్మ ఉందే, అంగన్‌వాడీ ఆయా, ఆవిడకి ఒకటే పంతం అనుకో. పళ్ళెంలో మెతుకు మిగలకూడదు. పద్దెనిమిది మంది పిల్లలూ పద్దెనిమిది పళ్ళేలూ నాకినట్టు ఖాళీ చెయ్యాల. ఎట్టా తినిపించేదంటే, ఆముదం పట్టేప్పుడు వాళ్ళత్త నేర్పిన విద్యంట, బిడ్డని కాళ్ళ మధ్య ఇరికించి రెండు వేళ్ళతో ముక్కు పట్టేది. ఊపిరాడక నోరు తెరుస్తారుగా, తెరవంగానే ముద్ద లోపలికి. "మింగు! మింగకపోతే బూచోడికిస్తా!" అనేది. చెడ్డమనిషి కాదమ్మా, అది చెప్పాల. పిల్లలంటే ప్రాణం, వాళ్ళంతా ఆవిణ్ణి అమ్మమ్మా అనే పిలిచేది. చిన్నప్పుడు పస్తులున్న మనిషి, అన్నం పారేస్తే కళ్ళనీళ్ళు పెట్టుకునేది. కొత్తగా వచ్చిన కోటేశ్వరి టీచరు, "పిన్నీ, ముక్కు పట్టొద్దు, వాళ్ళంతట వాళ్ళని తిననియ్యి" అంటే, "నువ్వు చదూకున్నావు, నేను నలుగుర్ని పెంచా" అని నోరు మూయించిందంట.

సరే, ఏమైందంటే, మిరపకోతలొచ్చినయ్. నాంచారమ్మ కూతురు కోతకి పోతా, ఏడు నెలల బిడ్డని తెచ్చి తల్లి దగ్గర సెంటర్లోనే పడుకోబెట్టి పోయింది. పెళ్ళైన ఆరేళ్ళకి పుట్టినోడు, ఒక్కగానొక్క మనవడు. టీచరేమో వాకిట్లో బాలింతలతో మాట్లాడతా ఉంది, నాంచారమ్మ లోపల పప్పు తాలింపు పెడతా ఉంది. పిల్లలు బువ్వాలాట ఆడుకుంటా ఒకటే గోల. ఉన్నట్టుండి గోల ఆగిపోయింది. పిల్లలున్న చోట చప్పుడు ఆగిందంటే ఏందో మూడినట్టే, మీకు తెలియంది కాదు. గరిటె చేత్తోనే పరిగెత్తుకొచ్చి చూస్తే, ఏం చెప్పమంటావు! శ్రీవల్లి అని మూడున్నరేళ్ళ పిల్ల, చాప మీదున్న పసోణ్ణి కాళ్ళ మధ్య ఇరికించుకుని, రెండు వేళ్ళతో వాడి ముక్కు పట్టుకుని, గుడ్డు ముక్క నోట్లో కుక్కతా ఉంది. పొద్దున తనకి పెట్టిన గుడ్డేనంట, తినలేక గౌను జేబులో దాచుకుంది. "మింగు! మింగకపోతే బూచోడికిస్తా!" అంటా ఉంది. అచ్చం నాంచారమ్మ గొంతే. పసోడు ఏడవట్లా. మొహం నీలంగా తిరిగింది.

నాంచారమ్మ గుమ్మంలోనే కొయ్యబారిపోయింది. చేతిలో గరిటె ఠంగుమని కింద పడింది. ఆ చప్పుడుకి టీచరే పరిగెత్తుకొచ్చి, పసోణ్ణి ముంజేతి మీద బోర్లేసి వీపు మీద చరిచింది. ఒకటి, రెండు, మూడు. నాలుగో దెబ్బకి గుడ్డు ముక్క ఊడి కింద పడింది, వాడు కేరుమన్నాడు. ఆ ఏడుపు వినపడ్డాక నాంచారమ్మకి కదలికొచ్చింది. "నా మనవణ్ణి చంపేసేదానివి గదే!" అని శ్రీవల్లి మీదికి చెయ్యెత్తింది. అప్పుడా పిల్ల ఏం చేసిందనుకున్నావు? పారిపోలా, ఏడవలా. కళ్ళు గట్టిగా మూసుకుని, నోరు ఇంత పెద్దది చేసి తెరిచింది. ఆ చెయ్యి మీదికొస్తే నోరు తెరవాలని అంతే తెలుసు దానికి. అట్టా కళ్ళు మూసుకునే, "వాడు వద్దన్నాడు అమ్మమ్మా, అయినా తినిపించా" అందంట, మెచ్చుకుంటదని.

ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది. నాంచారమ్మ అక్కడే కూలబడింది, లోపల తాలింపు మాడిపోయినా లేవలా.

టీచరు ఒక్క మాట దెప్పలేదంట. మర్నాడు పక్కనే కూచుని, "పిన్నీ, పళ్ళెం చూడొద్దు, మొహం చూడు. నోరు తెరిస్తే పెట్టు, తల తిప్పితే ఆపు" అంది. ఆపడం ఎంత కష్టమో నాంచారమ్మనడగాల! మిగిలిన అన్నం కోళ్ళకి పోస్తా ఏడిచేది. శ్రీవల్లి నాలుగు రోజులు గుడ్డు ముట్టలా. నాంచారమ్మ రెండు చేతులూ కొంగులో చుట్టుకుని ఎదురుగా కూచునేది. ఐదో రోజు ఆ పిల్లే గుడ్డు తీసుకుని, కాస్త కొరికి, ఆవిడ చేతుల వంక చూసిందంట. చేతులు కొంగులోనే ఉన్నయ్. అప్పుడు ఇంకాస్త కొరికింది.

ఇదంతా నాంచారమ్మ ముందర ఎత్తబోకండి, ఈనాటికీ ఆ మాటంటే అక్కణ్ణించి లేచెళ్ళిపోద్ది. ఏమే, అట్టా తల దించుకున్నావేం? పొద్దున పాలగ్లాసు పట్టుకుని నీ కొడుకెంట వీధంతా తిరిగింది నువ్వే గదా!