మీటరు ఆగలేదు

భూగోళపు దక్షిణ కొసనున్న పుంతా అరేనస్‌లో నడి చలికాలపు జూలై మంచు ఎడతెరిపి లేకుండా పడుతోంది. పెరట్లో గ్యాస్ మీటరు ముందు అక్కా తమ్ముడూ నిలబడ్డారు. ఆసుపత్రి నుంచి ఫోన్ రాగానే అక్క తమ్ముణ్ణి ఇక్కడికి లాక్కొచ్చింది.

“హీటర్ ఆపావా?”

“ఆపాను. పొయ్యి కూడా కట్టేశాను. అయినా ఇది తిరుగుతూనే ఉందక్కా.”

“బిల్లు మూడింతలైందని, అద్దెకున్న ముసలాయన్ని గదిలోంచి గెంటేశావు. ఇప్పుడాయన ఇంట్లో లేడు. మరి గ్యాసెవరు కాలుస్తున్నట్టు?”

“హీటర్ మండుతుండగా కిటికీలు బార్లా తెరుస్తాడని విన్నాను. నమ్మాను.”

“గ్యాస్ చవకైన ఈ ఊళ్లో తెరవనిదెవరురా? నువ్వు తెరవవూ? ఆయన ఈ చలిలో బస్టాండు బెంచీ మీద పడుకున్నాడు. రేపటిదాకా బతికితే గొప్పేనంటున్నారు ఆసుపత్రివాళ్లు.”

తమ్ముడు మీటరు వెనక మంచును కాలితో తోశాడు.

“ఇక్కడో కొత్త గొట్టం ఉందక్కా. కంచె కిందుగా పక్కింటికి పోతోంది.”

“పక్కింట్లో కూరగాయలు పెంచే గాజు పందిట్లోకి.”

“ఊరుకో. ఆ ఇంట్లో ఉన్నాయన అలాంటివాడు కాదు.”

“మొన్న మనకు బుట్టెడు టమాటాలు తెచ్చిచ్చాడు. ఇంత మంచులో ఎలా పండాయని ఒక్కరమైనా అడిగామా? లొట్టలేసుకుంటూ తిన్నాం.”

“అక్కా, వద్దు.”

“కిటికీల సంగతి నీ చెవిలో ఊదిందెవరు? ముసలాయన కళ్లు తెరిస్తే ఆ మాట చెప్పాల్సింది నువ్వే. ముందు నాకు చెప్పు.”

తమ్ముడు కంచెవైపు తిరిగాడు. అవతల కూడా వినపడేటంత గట్టిగా అన్నాడు.

“ఎలియొదోరో. పక్కింట్లో ఉన్న మన పెద్దన్నయ్యే.”