గాస్పరె పక్క సీటు

సరో ఆ రోజు బాగా తగ్గించుకునే మొదలుపెట్టాడు. "నేనేం గొప్పవాణ్ణి కాదు గానీ, నలభై సెకన్లలో టైరు మార్చాను, అంతే," అన్నాడు. తానో నడిపే కాఫీ కొట్టు ముందు కూర్చున్నవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నలభై సెకన్లతో మొదలైందంటే ఇవాళ చాలా దూరం పోతుందని వాళ్ళకి తెలుసు.

పోక తప్పదు కూడా. పెత్రవేర్దలో మే నెల కొండ పందేనికి ముందు శనివారం, మలుపు దగ్గరి గోడ మీద సున్నంతో పేర్లు రాస్తారు. ఏ ఊరివాడైనా సరే, కారు తోలినవాడి పేరు పైన, పక్క సీట్లో చివరిదాకా కూర్చున్నవాడి పేరు కింద. మధ్యలో దిగిపోయినవాడికి గోడ మీద చోటు లేదు. ఆ ఊరి నుంచి పందెంలో కారు తోలినవాడు ఒకే ఒక్కడు, గాస్పరె. ఏడాది పొడుగునా వ్యానులో రొట్టెలు అమ్ముకునేవాడు, మేలో మాత్రం పెళ్ళికోటు వేసుకుని పందెం కారెక్కేవాడు. మొన్న జనవరిలో పోయాడు. బతికున్నన్నాళ్ళూ గోడ మీద పేరు రాయనివ్వలేదు. ఇప్పుడు అడ్డుపడేవాడు లేడు గనక తానో సున్నం కలిపి పెట్టాడు. కింద సరో పేరు రాయాలా వద్దా అన్నదొక్కటే తేలాలి.

సరోది టైర్ల కొట్టు. గాస్పరె పోయాక అతనికి పొద్దు గడవడమే కష్టంగా ఉంది. కనీసం గోడ మీదైనా వాడి దగ్గర ఉండాలని పిచ్చి కోరిక. అందుకే ఇవాళ నోరు అదుపులో పెట్టుకునే ఉద్దేశం అతనికి లేదు.

"యాభై అయిదో సంవత్సరం పందెం. టైరు మార్చి బయల్దేరామో లేదో, ముందు చక్రం బోల్టు ఊడి లోయలో పడింది. ఏం చేస్తాం? మా అమ్మ జేబులో పెట్టిన గొర్రెపాల చీజు ముక్క ఉంది, ఎండి రాయిలా అయింది, దాన్నే పళ్ళతో కొరికి బోల్టులా చేసి బిగించా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మిగతా ఇనప బోల్టులు మూడూ ఊడిపోయాయి గానీ చీజు బోల్టు కదిలితే ఒట్టు."

"పందెం అయ్యాక దాన్నేం చేశారు?" అన్నాడు మంగలి కొసిమో.

"చెరి సగం తిన్నాం."

అందరూ నవ్వారు. మూల కుర్చీలో నిమ్మకాయ ఐసు తింటున్న దొన్న ఎపిఫానియ మాత్రం నవ్వలేదు. ఆమె ఆ ఊరి మంత్రసాని. ఊళ్ళో సగం మందిని తన చేతుల్తో భూమ్మీదికి తెచ్చింది గనక ఎక్కడ కూర్చున్నా ఆమెని అడిగేవాడు లేడు. కాఫీ కొట్టుకి రావడం మాత్రం అదే మొదలు. ఆమె ముందు ఈ కథ చెప్పాల్సి వస్తుందని సరో కల్లో కూడా అనుకోలేదు. ఆపేస్తే అనుమానమొస్తుంది, కానిస్తే ఆమె ఏమంటుందో తెలీదు. కానిచ్చాడు.

"తెల్లారినప్పట్నించీ రోడ్డు మూసేశారా, పందెం కార్లు తప్ప గాడిద కూడా నడవకూడదు. పైన రొక్క పొలం ఇంట్లో ఒకామెకి నొప్పులు. మలుపులో ఈ దొన్న ఎపిఫానియే సంచి పట్టుకుని నిలబడి ఉంది. గాస్పరె బ్రేకేశాడు. అప్పటికి మేం నాలుగో స్థానంలో ఉన్నాం..."

"పోయినసారి ఆరన్నావు," అన్నాడు కొసిమో.

"పోయినసారి నాకు జ్వరం. విను. ఎక్కమ్మా అన్నాడు. సీట్లు రెండు, మనుషులం ముగ్గురం. అందుకని నేను బానెట్టు మీద పడుకున్నా."

"కింద ఇంజను కాల్లేదా బాబాయ్?" అన్నాడు తానో.

"కాలేంతసేపు ఒకచోట ఉంటే కదరా. పైన గొర్రెల మంద అడ్డమొచ్చింది, మంద నడిమధ్యలోంచి ఎంత వేగంగా పోయామంటే ఒక్కదానికీ గీత పడలేదు, ఉన్ని మాత్రం మొత్తం ఊడొచ్చింది, కాపరి ఆ ఏడు కత్తెర పట్టలేదు. వంతెన దగ్గరకొచ్చేసరికి మా నీడ వెనకపడిపోయింది. గాస్పరె అద్దంలో చూసి, పాపం రా, ఆగుదామా అన్నాడు. వద్దు, దానికి దారి తెలుసు అన్నా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పొలం ఇంటి ముందు ఆగాం. మొగుడు బూట్ల తాళ్ళు కట్టుకుంటూ బయటికొస్తున్నాడు. ఎక్కడికయ్యా అంటే, మంత్రసానిని పిలుచుకురావడానికి అన్నాడు."

కొట్టంతా గొల్లుమంది. కొసిమో కళ్ళు తుడుచుకుని, "మరి పిలవకముందే ఆవిడ సంచి పట్టుకుని రోడ్డు మీద ఎందుకు నిలబడింది?" అన్నాడు.

సరోకి తెలీకుండానే చూపు మూల కుర్చీ వైపు పోయింది. తానో అది గమనించాడు. కుంచె చేత్తో పట్టుకునే ఆవిడ దగ్గరికి వెళ్ళి అడిగాడు.

"దొన్న ఎపిఫానియ, ఆ కార్లో మీరున్నారు. బాబాయి ఉన్నాడా, లేడా?"

"లేడు," అందావిడ. "నేనెక్కాలంటే వాడు దిగాలి. దిగాడు. మలుపులోనే ఉండిపోయాడు."

నవ్వు ఆగిపోయింది. సరో తల వంచుకున్నాడు. పందెం రోజు పనిముట్ల సంచి పట్టుకుని సాయంత్రందాకా ఆ గోడ పక్కనే నిలబడ్డాడు. మర్నాడు ఎవరో అడిగితే 'ఇద్దరం వెళ్ళాం' అని నోరు జారాడు, పక్కనే ఉన్న గాస్పరె కాఫీలోకి చూస్తూ ఊరుకున్నాడు. తన మీద జాలితోనే ఊరుకున్నాడని సరో ఇన్నేళ్ళూ సిగ్గుపడుతూనే ఉన్నాడు. "దిగమన్నాడు, దిగాను," అన్నాడు మెల్లగా.

దొన్న ఎపిఫానియ గ్లాసు పక్కన పెట్టింది. "ఉండరా, అయిపోలేదు. తను బతికుండగా ఎవరికీ చెప్పనని గాస్పరె నాతో ఒట్టేయించుకున్నాడు. ఇప్పుడు చెప్పొచ్చు. ఏ మలుపు ఎటు తిరుగుతుందో, ఎంత తిరుగుతుందో పక్కన కూర్చుని అరిచి చెప్పేది నువ్వంట కదా. నువ్వు దిగాక వాడికి కాళ్ళూ చేతులూ ఆడలేదు. ప్రతి మలుపు దగ్గరా 'సరో ఉంటే చెప్పేవాడు, సరో ఉంటే చెప్పేవాడు' అని గొణుక్కుంటూ ఎద్దుబండిలా తోలాడు. నేను తిడుతున్నా వేగం పెంచలేదు. పోస్టుమాన్ సైకిలు నెట్టుకుంటూ నడిచి మమ్మల్ని దాటిపోయాడు, పోతూ పోతూ టోపీ తీసి నమస్కారం కూడా పెట్టాడు. మేం వెళ్ళేసరికి పిల్ల పుట్టి, నీళ్ళు పోయించుకుని, పేరు పెట్టించుకుని, నిద్రపోతోంది. నాకు కాఫీ ఇచ్చి పంపించారు."

ఎవరూ గట్టిగా నవ్వలేకపోయారు, నవ్వకుండానూ ఉండలేకపోయారు. కొసిమో అయితే గోడ వైపు తిరిగి దగ్గాడు. సరోకి కళ్ళమ్మట నీళ్ళు కారిపోతున్నాయి. తుడుచుకోవాలన్న ధ్యాస కూడా లేదు. జాలి కాదు, వాడికీ సిగ్గే అన్నమాట. ఇద్దరూ ముప్పై మూడేళ్ళు ఒకరి ముందు ఒకరు నోరు మూసుకు కూర్చున్నారు.

రూలు ప్రకారం ఇప్పుడేం చెయ్యాలని తానో అందరి వంకా చూశాడు. దొన్న ఎపిఫానియ సున్నం బకెట్టు కాలితో అతని వైపు నెట్టింది.

"బాబాయ్," అన్నాడు తానో కుంచె ముంచి, "గాస్పరె పేరు కింద రాయనా నీ పేరు?"

"కింద వద్దురా," అన్నాడు సరో. "పక్కనే రాయి. నేను చెప్పేది వాడికి వినపడాలి."