వాలీబాల్ అల్లుడు

2002 శ్రావణమాసం. పుంగనూరు పక్కన ఒక పల్లె. తాంబూలాలు మార్చుకున్న సాయంత్రం, చుట్టాలంతా వెళ్ళిపోయాక, ఇంటి పంచలో చెంగల్రాయుడు, భార్య శాంతకుమారి, కూతురు వసుధ.

"...అందుకే చెప్తాండా, ఆ దొరస్వామిని ఈసారి టీములో నుంచి తీసేసేదే. వాడు సర్వీసు చేస్తే బంతి అవతలికి పోవల్లంటే మనం నెట్టు కిందికి దించల్ల."

"తీసెయ్. రేపట్నుంచి మన పాలకు ఫ్యాటు రాదు. పాలకేంద్రంలో మిషన్ దెగ్గిర కూసుండేది ఆయప్పే."

"శాంతా, నువ్వు గమ్మునుండు. టీము సంగతి నీకేం తెల్సు."

"నాకేం తెల్సు. ఇన్నేండ్లూ ఆ టీముకు వొండిపెట్టింది నేను. ఎవుడెంత తింటాడో తెల్సు, ఎవుడెంత ఆడతాడో తెల్సు. ఆ రెండిటికీ పొత్తు కుదర్లేదు."

"సరే, కదిరప్ప సంగతి చెప్పు మరి."

"తింటాడు."

"అంతే గదా. బ్లాకుకు ఎగరరా అంటే మడమలు లేపుతాడు. అదేందిరా అంటే, ఎగిరినా కదన్నా అంటాడు. పోయిన జాతర పోటీలో సోమల వూరోళ్ళు కొట్టిన బంతులన్నీ వాని నెత్తి మింద నుంచే పొయినాయి. వాడు తల తిప్పి ఒక్కోదాన్నీ సాగనంపినాడు."

"అయితే కదిరప్పను తీసేస్తావా నాయినా?"

"యాడ తీసేది వసుధా. ట్రాక్టరు వాళ్ళది. వాణ్ణి తీస్తే టీమంతా పుంగనూరికి నడిచి పోవల్ల."

"ఫ్యాటుకొకడు, ట్రాక్టరుకొకడు. ఇంగ ఆడేదానికి ఎవురుండారు?"

"అట్ల అడుగు బిడ్డా. ఆడేదానికి నా అల్లుడుండాడు. ఆరడుగుల రెండించీలు. చెయ్యెత్తినాడంటే నెట్టు మింద ఇంగా మూరెడు తేలుతాది."

"ఆయప్పకు ఒక పేరుండాది. గిరిబాబు."

"పేరు ఎవునికి గావల్ల. షూటరమ్మా, షూటరు. పేరుతో బంతి కొడతారా?"

"ఏమయ్యా, నువ్వు ఇంట్లోకి తెచ్చుకుండేది అల్లుణ్ణా, షూటర్నా? పిల్ల బతుకా ఇది, బంతాటా?"

"రెండూ ఒకటే అయినప్పుడు బాధేంది నీకు?"

"ఆ జాతర కమిటీవాళ్ళు పాడుగాను. ఏం రూలు పెట్టిరో గానీ, టీములో ఆడేటోడు ఆ వూర్లో పుట్టినోడన్నా కావల్లంట, ఆ వూరి అల్లుడన్నా కావల్లంట. అప్పట్నుంచి ఈ చుట్టుపక్కల పెండ్లిళ్ళన్నీ నెట్టు కొలత పెట్టుకోని చేస్తాండారు."

"రూలు మంచిదే. ముందర దుడ్లుండేటోడు కోలారు నుంచి, బెంగళూరు నుంచి ఆటగాళ్ళను దింపుతాండె. మన పిలకాయలు గట్టున కూసోని ఈలలేస్తాండ్రి. రూలుదేం తప్పు లేదు. దాన్ని అడ్డం పెట్టుకోని దొంగతనం చేసింది మీ చెల్లెలి మొగుడు."

"మళ్ళీ మొదలు పెట్టినావా?"

"పెట్టకుంటే? మన మునస్వామిని ఎట్ల ఎత్తకపొయినాడు? ఈ జిల్లాలో బంతి లేపేదాంట్లో వానంత లిఫ్టరు లేడు. ఆ సుబ్రమణ్యం గాడు ఏం జేసినాడు, కాఫీ తాగిపోదువు రాప్పా అని సోమలకు పిల్చినాడు, వాళ్ళన్న కూతుర్ని కట్టబెట్టినాడు. ఆ యేడే వాడు సోమల బనీను తొడుక్కోని మన ముందరే లేపినాడు. కాఫీకి పోయినోడు ఇంగ ఇంటికి రాలేదు."

"మునస్వామన్న ఇష్టపడే చేసుకున్నాడు నాయినా. చిన్నాయనేం కట్టేసి చెయ్యలేదు."

"లిఫ్టరుకు ఇష్టమేందమ్మా."

"నీ మాటలు బయటోళ్ళు వింటే నవ్విపోతారు."

"నవ్వనీ శాంతా. ఇన్నాళ్ళూ నవ్వింది చాలదా? పదేండ్లాయె, కప్పు సోమల దాటలేదు. దాన్ని వాడు టీవీ మింద పెట్టుకోండాడు. నేను పోతే చాలు, తువ్వాల తీసుకోని తుడుస్తాడు. అది మాసిండదు, గీసిండదు. నాకు సూపిచ్చేదానికి తుడుస్తాడు. తోడల్లుడంట తోడల్లుడు. మీ నాయిన ఇద్దరు కూతుర్లనూ కంటే కన్నాడు, రెండో పిల్లను ఇచ్చేటప్పుడన్నా కండ్లు తెరిచి సూడకూడదా?"

"మొదటి పిల్లను ఇచ్చేటప్పుడు కూడా తెరవలేదులే."

"ఈసారి తుడుచుకోమను వాణ్ణి. టీవీ తుడుచుకోవల్ల, కప్పుండదు. వసుధా, మీ చిన్నాయన బైరెడ్డిపల్లెకు ఎన్ని మాట్లు పొయినాడో తెల్సా? నాలుగు మాట్లు. వాళ్ళ బంధువుల్లో ఎవురో పిల్ల ఉండాదని పెట్టుకోని గిరిబాబు ఇంటి చుట్టూ తిరిగినాడు. బస్సులో కదిరప్ప చూసి నాకు చెప్పినాడు. అప్పుడేం జేసినా నేను?"

"లేచిపొయినావు. సద్ది గూడా తినకుండా."

"ఒక్క మాటు పోయినా. నులక మంచం మింద కూసున్నా. నా కూతుర్నిస్తా అన్నా. అయిపాయె. వాడు నాలుగు మాట్లు పోయి వొట్టి చేతుల్తో వచ్చినాడు, నేను ఒకే మాటుకు షూటర్ని ఎత్తకొచ్చినా. మనిషిని పట్టేది తెలిసుండల్ల."

"నన్ను అడిగే పోయినావా నాయినా?"

"నువ్వు వద్దన్లేదు గదమ్మా."

"వద్దన్లేదు."

"మరి?"

"ఏం లేదు. ఊరికే అడిగినా."

"నన్నూ అడగలేదు. మా అన్నదమ్ములు ఈ పొద్దు ముఖాలు పక్కకు తిప్పుకోని కూసోనిరి. భూములుండే ఇంటి పిల్లను గొర్రెలు మేపుకునే ఇంటికి ఇస్తాండాడు, చెంగల్రాయుడికి ఏం పుట్టిందని గొణుక్కుంటాండ్రి."

"అందుకే కదా తాంబూలాలప్పుడు లేచి నిలబడి చెప్పినా. కులమేందప్పా, గొర్రెలేంది, భూములేంది, మనిషి ముఖ్యం అని. వూరంతా విన్నింది. చప్పట్లు కొట్టిరా, లేదా?"

"కొట్టింది దొరస్వామి ఒక్కడే. టీములో ఉంచుతావేమోనని."

"పెదనాయన కూతురు రమ్యశ్రీ అక్క వేరే కులం పిల్లోణ్ణి చేసుకునిందని రెండేండ్లు వాళ్ళ గడప తొక్కలేదు గదా నాయినా నువ్వు."

"వాడేం ఆడతాడు? క్యారమ్స్."

"ఓహో."

"నవ్వుతావేమే? ఉండే మాట చెప్పినా. గిరిబాబు వేరే. నేను రెండేండ్ల కిందట పలమనేరులో కళ్ళారా చూసినా. లేచినాడు చూడు, ఆ లేచేది, అవతల ఇద్దరు బ్లాకుకు ఎగిరి దిగినా వీడింగా పైనే ఉండాడు. కొడితే బంతి నేల తాకి, గోడ దాటి, ముళ్ళకంపలో పడింది. ఇంగో బంతి తెచ్చి ఆట ముగించిరి. అంత చూసినాక ఇంగేం అడగల్ల?"

"ఏం అడగొచ్చు అంటే, ఉద్యోగం. గుణం. ఆరోగ్యం. పిల్లనిచ్చేటోళ్ళు అడిగేవి."

"ఉద్యోగముండాదిలే, ఆవులకు సూదులేస్తాడంట. ఎద్దులకూ వేస్తాడేమో. గుణానికేం, షూటరుకు కోపముండల్ల, ఈయప్పకు అదొక్కటే తక్కువ, నేను తెప్పిస్తా."

"ఏడాదిగా యాడా ఆడలేదంట గదయ్యా. మా చెల్లెలు చెప్పింది."

"అదే వాని తెలివి. కనపడకుంటేనే విలువ. చిత్తూరోళ్ళు పిల్చినా పోలేదంట, పలమనేరోళ్ళు పిల్చినా పోలేదంట. మీ చెల్లెలి మొగుడు నాలుగు మాట్లు కాళ్ళరగదీసినా ఊ అన్లేదు. నేను పోతే ఊ అన్నాడు. మనిషిలో ఆ బరువుండల్ల."

"బరువు. వాళ్ళమ్మ ముందర ఆ బిడ్డను చెప్పులిప్పించి, గోడకానించి, టేపు పెట్టి కొలిచినావు. నేను సిగ్గుతో తలెత్తలేదు."

"ఒకించి తేడా వస్తే ఎవురు బాధ్యులు? ఇంగ చూడు, రేపు పొద్దున్నే బడి దెగ్గిర నెట్టు కట్టమని చెప్పినా. అల్లుడికి ఇప్పుడే ఫోన్ చేస్తా. బిన్నే, తెల్లారకముందే రమ్మని. ఒక గంట జంపింగు, ఒక గంట షూటింగు. సోమలకు కూడా వినపడల్ల బంతి చప్పుడు."

"వద్దు నాయినా."

"ఏం వద్దు?"

"ఫోన్ చెయ్యొద్దు."

"సిగ్గా? పెండ్లికి ముందర అల్లుడు రాకూడదా ఏమి? వచ్చేది మనింటికి గాదులే, గ్రౌండుకు."

"సిగ్గు గాదు. ఆయప్ప ఎగరకూడదు."

"ఎగరకూడదా? శ్రావణమాసంలోనా?"

"ఎప్పుడూ."

"ఏం మాట్లాడ్తాండావు వసుధా?"

"పోయిన యేడు కుప్పం అవతల తమిళోళ్ళ పల్లెలో ఆడేదానికి పొయినాడు. బ్లాకుకు లేచి దిగేటప్పుడు వాళ్ళ మనిషి పాదం మింద దిగినాడు. మోకాలు తిరగబడి లోపల నరం తెగింది. రాయవేలూరు పెద్దాసుపత్రిలో చూపించిరి. నడవచ్చు, బండి తోలచ్చు, ఉద్యోగం చేసుకోవచ్చు. ఎగిరితే మాత్రం కాలు పోతుందని చెప్పిరి. బంతి ముట్టి ఏడాదాయె."

"ఎవురు చెప్పింది నీకు?"

"ఎవురూ చెప్పలేదు. డాక్టరు చెప్పేటప్పుడు నేను పక్కనే ఉండాను."

"వసుధా... మదనపల్లెలో స్పెషల్ క్లాసులుండాయని పోతివే, ఆ పొద్దా?"

"ఆ పొద్దే అమ్మా. కాలేజీలో నాకు రెండేండ్లు సీనియర్ ఆయన. నీకు చెప్పల్లని చానా మాట్లు అనుకున్నా. చెప్తే నువ్వు నాయినకు చెప్తావు."

"చెప్తాను మరి."

"అందుకే చెప్పలేదు."

"ఉండు శాంతా, నువ్వు ఉండు. అంటే వాడు... అంటే వాడు ఎగరలేడా? ఆరడుగుల రెండించీలు పెట్టుకోని ఎగరలేడా?"

"ఎగరలేడు."

"మరి గోడకానించి కొలిచినప్పుడన్నా నోరు తెరిచి చెప్పకూడదా ఆ పెద్దమనిషి?"

"నువ్వు మోకాలు గురించి అడిగింటే చెప్పేవాడు. అబద్ధం రాదు ఆయనకు. అదే నా భయం. పొద్దున్నుంచి నాకు అన్నం దిగలేదు నాయినా, యాడ అడుగుతావో, యాడ ఆయన చెప్పేస్తాడో అని. నువ్వు ఎత్తు కొలిచినావు, చెయ్యి కొలిచినావు, అరచెయ్యి గూడా కొలిచినావు. కాళ్ళెట్లుండాయని మాత్రం అడగలేదు."

"తాంబూలం వెనక్కిచ్చేస్తా. ఇప్పుడే. శాంతా, ఆ చీర మడత పెట్టు, ఆ పండ్లు యాడుండాయి?"

"పండ్లు నీ టీమే తిన్నింది."

"చీరన్నా ఇచ్చేస్తా."

"ఇచ్చెయ్ నాయినా. ఏమని చెప్పి ఇస్తావు? కులం గుర్తొచ్చింది అంటావా, మోకాలు గుర్తొచ్చింది అంటావా? మనిషి ముఖ్యమని వూరందరి ముందర లేచి నిలబడి చెప్పినావు. నేను చెప్పమన్లేదు."

"నన్ను నేరుగా అడగకూడదా? కన్నతండ్రిని."

"అడిగింటే ఇస్తావా?"

"ఇయ్యను."

"ఆయన తప్ప ఇంగొకరు నాకు వద్దు. కాలు బాగున్నప్పుడూ ఆయనే, కాలు పోయినా ఆయనే. ఆ మాట నీతో చెప్పుకునేదానికి ఈ ఇంట్లో నాకు తావు లేకపాయె. నీకు కండ్లకు ఆనేది ఒక్క ఆ కప్పే."

"ఏమయ్యా, నిలబడి చెమటలు తుడుచుకుంటాండావే. కూసో. నీళ్ళు తెచ్చేదా?"

"నీళ్ళొద్దు. నువ్వు నవ్వుతాండావా ఏమే?"

"లేదు. మా చెల్లెలికి ఫోన్ చేసినాక నవ్వుతా."

"చెయ్యొద్దు. ఆ సోమలోడికి తెలిస్తే నేను పుంగనూరు బస్టాండులో తలెత్తి తిరగలేను. ఏడాదిగా బంతి ముట్టని వానికి కూతుర్నిచ్చినాడని, తువ్వాల తీసి కప్పు తుడుస్తానే చెప్తాడు. వాని అదృష్టం చూడు, నాలుగు మాట్లు పోయి కూడా తప్పించుకున్నాడు. నేను ఒక్క మాటు పోయి ఇరుక్కుంటి."

"చిన్నాయన తప్పించుకోలేదు. ఆయనకు మోకాలు సంగతి మొదట్నుంచీ తెల్సు."

"తెల్సా? తెలిసి యాల పొయినాడు మరి, అన్ని మాట్లు, పని మానుకోని?"

"నేనే పొమ్మన్నా నాయినా. ఆయన పోకుంటే నువ్వు పోతావా?"