కిటికీ ఉన్న గది

కిటికీ గూడా ఇచ్చిరి గదనా నీకు, ఇంగేం కావాల? పదేండ్లాయ నేను ఈ అరబ్బు దేశంలో, ఐన్ ఖాలిద్ పేటలో ఈ ఇంటికొచ్చి. ఎండను బండి అద్దంలోంచి చూడాల్సిందే నేను. నీకేమో మంచం మీదికే వస్తాది.

తలాడించొద్దులే ఇమామన్నా. పక్షవాతమొచ్చి నోరు పడిపోయినోన్ని చూసి ఏడుస్తాండాడు ఈ మస్తాను అనుకో. నాకేం సిగ్గు ల్యా.

ఇద్దరం డ్రైవర్లమే. ఇద్దరం ఆ సెల్లారు గదిలోనే పండుకుంటాంటిమి. నువ్వు పడిపోయినంక మేడం కొడుకు, ఆ ఇంజినీరు, గాలిని కొలిచే తెల్ల డబ్బీ ఒకటి తెచ్చి ఆ గదిలో పెట్టె. దాంట్లో నంబరు ఎర్రగా వచ్చె. రేడాన్ అంట. భూమిలోంచి వచ్చే గాలంట. రంగు ల్యా, వాసన ల్యా. మూసిన గదిలో నిలిచిపోతాదంట. ఊపిరితిత్తులకు చేటని ముందే తెలుసంట. గుండెకీ, పక్షవాతానికీ గూడా సంబంధముండొచ్చని ఇప్పుడు చూస్తాండారంట. నీకు దానివల్లనే వచ్చిందా అంటే డాక్టరు ఔననలా, కాదనలా. బీపీ ఉండె, సిగరెట్టు ఉండె అనె.

మేడం మాత్రం కండ్లనీళ్లు పెట్టుకొని నిన్ను పైగదికి మార్పించె. అదే గాలి నేనూ పీల్చితి గదనా? నన్ను చూసి "మస్తాన్, యల్లా, బండి తియ్" అనె. అంతే. నేనింకా ఆ కిందనే పండుకుంటాండా.

ఎప్పుడూ ఇంతే. ఎయిర్‌పోర్టుకు ఇమామ్, పిల్లోల్ల బడికి ఇమామ్. నాకు చేపల మార్కెట్టు. నీ మంచం పైన గోడకు గాలి జాలీ ఉండె, గుర్తుందా? మేడం వాకిట్లోంచి పిలిస్తే దాంట్లోంచి నీకే ముందు ఇనపడె. నేను చెప్పులేసుకునేలోపల నువ్వు బండికాడుంటివి.

నవ్వుతాండావా? నవ్వు.

ఆ జాలీకి టేపు ఎందుకేస్తినో తెలుసా? దుమ్ము రాకుండా అని చెప్తి నీకు. దుమ్ముకు కాదు. ఆమె పిలుపు నీకు ఇనపడకూడదని. ఏసీ చల్లదనం బయటికి పోదులే అని నువ్వు గూడా సంబరపడితివి.

గాలి ఆడకుంటే ఆ రేడాన్ ఇంకా పేరుకుంటాదని ఇంజినీరు చెప్పె. ఆ పూటే టేపు పీకేస్తి. పీకితే మాత్రం నీ నోరు తిరిగొస్తాదా?

ఆ మంచి చెయ్యి ఉండాది గదా, కొట్టు నన్ను. కొట్టవా?

పరదా ఎందుకు జరుపుతావ్? నామీద ఎండ పడాలనా?

ఒద్దునా. ఇంత ఇని గూడా ఇట్ల చేస్తావే, దానికే నిన్ను చూస్తే నాకు కడుపుమంట.