బావ పేరు మీద రాసిన సావు

"నాయినమ్మా, తాత సచ్చిపోయిన సర్టిఫికేటు ఇంట్ల ఏడనన్న ఉన్నదా? ఇంటి పట్టాకు ఆఫీసుల అడుగుతాండ్రు."

ఏడుంటది బిడ్డా, ఉంటె కద. జర నిమ్మలంగ కూసో, మొత్తం చెప్తె గాని సమజ్ కాదు నీకు. మీ తాత సచ్చినట్టు ఏ కాయితంల లేదు. సచ్చింది నిజం, నా నుదురు జూస్తలేవా. కాయితంల మాత్రం లేదు.

అప్పుడు మేం కాశిబుగ్గల ఉంటుంటిమి. మీ తాత ఇంట్ల మగ్గం నేసేది. మా బావ, అంటె మీ తాత అన్న, మిల్లుల పనిచేసేది. ఒక్కటె ఇల్లు, ఒక్కటె పొయ్యి. ఆ రోజులల్ల మిల్లు నౌకరంటె మజాకనా, మిల్లోళ్ళకు బియ్యం సుత సస్తగ దొరుకుతుండె, అందుకె మా అత్తకు పెద్దకొడుకంటె... సరె, అది గాదు నేన్ చెప్పేది. నేను పురుటికి రఘునాథపల్లికి, మా అవ్వగారింటికి పోయిన. మీ నాయిన అప్పుడె పుట్టిండు. కొడుకును చూడ మీ తాత వచ్చిండు, మా అవ్వ కోడిని కోసింది. రెండు బుక్కలు తిన్నడో లేదో, నోరు చేదున్నదని చెయ్యి కడుక్కున్నడు. కాశిబుగ్గకు పోయి మంచంల పడ్డడు. వారం దాటిందో లేదో, సచ్చిండని కబురొచ్చింది. పచ్చి బాలింతను, పసిగుడ్డునెత్తుకొని బస్సెక్కిన. నేను పోంగనె మొఖం చూపిచ్చి పీనుగను లేపిండ్రు.

ఏమైంది, ఎట్ల సచ్చిండంటె ఒక్కలు చెప్పరు. బావ నేలచూపులు చూస్తడు. మా అత్త మాత్రం దినాలు గాకముందె వాడకట్టంత చెప్పింది, తల్లీబిడ్డలు కల్సి కోడికూరల మందు పెట్టిండ్రని. మొగోన్ని మా దిక్కు తిప్పుకుందామని పెట్టినమట, అది వికటించి పాణం తీసిందట. నవ్వకు బిడ్డా, నవ్వులాట గాదు. బాయికాడికి పోతె ఆడోళ్ళు బిందెలు పక్కకు జరుపుకునేది. నా చేతి నీళ్ళు తాగెటోళ్ళు లేరు. మా అవ్వ నన్ను చూడొస్తె, మందులామె వచ్చిందని తలుపులేసుకున్నరు. అది నా కడుపుల ఇప్పటికీ మండుతది.

దినాలైనంక మా అవ్వను తోల్కొని దవాఖానల పొంటి తిరిగిన. ఏం రోగంతోని సచ్చిండో రాసుంటరు గద, అది తెచ్చి మా అత్త మొఖాన కొడ్దామని. పెద్దదవాఖాన్ల అడిగితె లేదన్నరు. పీనుగను తెచ్చిన రిక్షా ఆయనె చెప్పిండు, మిల్లు దవాఖాన్ల కెల్లి తెచ్చిన్నని. మిల్లు దవాఖాన మిల్లోళ్ళకె గద, మగ్గం నేసెటోనికి అండ్ల మంచమెవ్వడిస్తడు? అయినా పోయిన.

కిటికీ కాడ గుమాస్త పేరేందన్నడు. నాకు నోరు రాదు. మొగని పేరు తీయొద్దనేది మాకు, తీస్తె ఆయుస్సు తగ్గుతదని. సచ్చినోనికి ఇంకేం తగ్గుతది, అయినా నాలికె తిరుగది. ఆఖరికి మా అవ్వ చెప్పింది, నర్సయ్య అని. ఆయన చూసి చూసి, ఆ పేరుతోని లేడు, కాశిబుగ్గాయన ఒక్కడె సచ్చిండు, రాజమల్లు అన్నడు.

రాజమల్లంటె మా బావ. ఆ పొద్దుగాల్నె సద్ది కట్టుకొని మిల్లుకు పోయిండు.

అప్పుడు సగం సమజైంది నాకు, మిగిలిన సగం ఎన్కకు ఇన్న. పెద్దదవాఖాన్ల మంచం దొరకలేదట. తమ్ముడు సస్తడని బావ తన మిల్లు కార్డు చూపిచ్చి, తన పేరు చెప్పి చేర్పిచ్చిండు. ఇద్దరు ఒక్క తీరుగనె ఉండేది. ఆ పని మంచికె చేసిండు, నేను కాదన. సచ్చినంక మాత్రం నౌకరి పోతదని భయపడి, జాబర్, అంటె తన మీది మేస్త్రి, కాళ్ళు పట్టుకొని ఆ కబురు దవాఖాన కెల్లి మిల్లుకు రాకుంట ఆపిచ్చిండు.

గుమాస్త చదివిండు, పసిరికలు, గదె కామెర్లు, ముదిరి సచ్చిండని. నెల కిందికెల్లే కండ్లు పచ్చగున్నయని మీ తాతనె చెప్పి రాయించిండట, అంటె రఘునాథపల్లికి రాకముందుకెల్లే. నాకు పాణం లేసొచ్చింది. నకలు ఇయ్యమన్న. ఇంటోళ్ళకె ఇస్తం, నువ్వేమైతవన్నడు. ఏం చెప్పాలె బిడ్డా? రాజమల్లు పెండ్లాన్నని ఏలిముద్ర ఏసిన. మా అవ్వ మొఖం పక్కకు తిప్పుకున్నది.

ఇంటికొచ్చి పదిమందిల పెట్టిన ఆ కాయితం. సదువుకున్న ఒకాయన సదివిండు. పసిరికలన్న మాట ఎవ్వలికి ఇనవడలె. సచ్చింది రాజమల్లు, నకలు తీసుకున్నది ఆయన పెండ్లాం, ఇదె ఇన్నరు. మా యారాలు, బావ భార్య, నా జుట్టు పట్టుకున్నది, బతికున్న నా మొగన్ని సంపి నువ్వు పెండ్లానివైతవానే అని. మా అత్త ఆ కాయితం గుంజుకొని పొయ్యిల పెట్టింది, బతికున్న కొడుకు సావు ఇంట్ల ఉండొద్దని. నేను పోయి బావ ముంగట నిలవడ్డ.

"బావా, ఒక్క మాట చెప్పు. నువ్వె చేర్పిచ్చిన్నని చెప్పు."

ఆయన కండువ దులుపుకొని, డ్యూటీకి యాళ్ళయితాందని ఎల్లిపోయిండు.

గంతె. ఆ దినం కెల్లి వేరె పొయ్యి పెట్టుకున్న. బీడీలు చేసి మీ నాయినను సాదిన.

ఎన్నేండ్లకో, మా అత్త పోయినంక, బావ పోయిండు. ఎంత జరమొచ్చినా మిల్లు దవాఖాన గడప తొక్కలె, ఇంట్లనె పోయిండు. పింఛినికి సావు కాయితం కావాల్నంటె యారాలు మిల్లు దవాఖానకు పోతె, నీ మొగడు ఎన్నడో సచ్చిండు, పెండ్లామొచ్చి నకలు సుత తీస్కపోయిందని ఎల్లగొట్టిండ్రు. ఏడ్సుకుంట నా ఇంటికొచ్చింది.

"చెల్లె, సచ్చింది నీ మొగడని వచ్చి చెప్పవె."

నా కడుపుల ఎంత సల్లగైందో, ఉన్నదున్నట్టు చెప్తాన నీకు. వస్త అక్కా అన్న. ముందుగాల నువ్వు బాయికాడ నిలవడి, నర్సయ్య పసిరికలతోని సచ్చిండు, మందుతోని గాదని అందరు ఇనేటట్టు చెప్పు, మల్ల వస్త అన్న.

చెప్పింది బిడ్డా. మొగడు పోయి నెల గూడ గాని మనిషి, బాయికాడ నిలవడి గట్టిగ చెప్పింది. నీళ్ళు చేదెటోళ్ళంత కొత్త కోడండ్లు. ఏ నర్సయ్య, ఏం మందు అని ఒకల మొఖం ఒకలు చూసుకున్నరు. నేను సుత మాట తప్పలె, పోయి సాక్ష్యం చెప్పిన. ఏం ఫాయిద? అప్పుడు పెండ్లాన్నని ఏలిముద్ర ఏసి, ఇప్పుడు మరదల్నంటవా అని నన్నె గద్దిరిచ్చిండ్రు. యారాలు మెట్ల మీద కూలవడి ఏడ్సింది.

నాకు ఆమె ఏడుపు తాకలె. మా అవ్వ కండ్లల్ల మెదిలింది. అంతకు ముందటేడే పోయింది మా అవ్వ. ఆ కోడిని కోసినందుకు, కాయితం కాలిన దినం కెల్లి సచ్చేదాంక నా గడప తొక్కలె, నీకింకా చెడ్డపేరొస్తది బిడ్డా అనుకుంట. బాయికాడ ఆ మాట ఇనాల్సింది ఆమె. ఆమెనె లేకపాయె...

నువ్వు సల్లగ బతుకు బిడ్డా. ఇగ పో, నేను జరసేపు ఇట్లనె కూసుంట.