మూత కింద సిగ్నల్

నీటి సరఫరా ఆఫీసులో ఇంజనీరైన భర్త భోజనాల బల్ల మీద కాగితాలు పరిచాడు. కొత్త నీటి మీటర్ల రీడింగులు ఆఫీసుకు ఏ నెట్‌వర్కులో చేరాలో రేపటికల్లా అతను రాసివ్వాలి. ఎదురుగా బట్టలు మడతపెడుతున్న భార్యకు తేలాల్సింది వేరే ఉంది.

“ఇంతకీ ఏది ఖాయం చేశారు?”

“మీటర్లలో సిమ్ కార్డులొద్దు, ఆఫీసు సొంత రేడియో టవర్లే మేలంటోంది కొత్తగా వచ్చిన ఇంజనీరమ్మ.”

“ఆవిడ సంగతి సరే, మీరేమంటున్నారు?”

“నేనూ అదే అంటున్నా. మీటర్లన్నీ గోతుల్లో, ఇనప మూతల కింద ఉంటాయి. అక్కడ ఫోన్ సిగ్నల్ అందదు. నిన్నంతా ఇద్దరం గోతులు దిగి చూశాం.”

“ఇద్దరూనా.”

“పనే కదా. అందుకే నీ ఫోన్లు కూడా నాకు అందలేదు.”

“ఆరుసార్లు చేశాను, ఆరుసార్లూ చివరిదాకా మోగిందండీ. మీరు గోతిలోనే ఉంటే సిమ్ కార్డు భేషుగ్గా పనిచేస్తున్నట్టు. అక్కడ సిగ్నలే లేదంటే మీరు గోతిలో లేనట్టు. రిపోర్టులో ఏది రాస్తారు?”

అతను కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

“గోతిలోనే ఉన్నాం. అప్పుడు మూత తీసుంది.”

“మరి ఎత్తలేదేం?”

“ఆవిడ ఏదో చెబుతోంది. మధ్యలో ఎత్తితే బాగుండదని...”

ఆమె అతని చొక్కా మడత విప్పి, మళ్లీ మొదటినుంచి మడతపెట్టింది.

“అయితే నెట్‌వర్కును ఏమీ అనకండి. సిగ్నల్ బాగానే వచ్చింది, ఎత్తే మనిషే లేడు.”