తెలెస్ఫోర్ తాతయ్య చెప్పిన అడ్డు

నేను ఇంతకుముందు ఏమీ రాసినదాన్ని కాదు. అయిదో తరగతితో బడి ఆగిపోయింది. ఆ తర్వాత నా రాతంతా జామ్ జాడీల మీద అంటించే చీటీలే. వచ్చే నెల చుట్టాలందరం కలుస్తున్నాం, వంశం పుస్తకంలో తాతయ్య ఫొటో ఎదుటి పేజీ నువ్వు నింపు, అన్నీ మంచి మాటలే ఉండాలి అన్నాడు మా ఫెర్నాన్ అన్నయ్య. ఫొటో పైన వంశ చిహ్నమంటూ సింహం బొమ్మ కూడా వేయించాడు. తాతయ్యను నేను ఎరగను. అందుకని ఎక్సిల్డా పెద్దమ్మను అడిగాను. ఆవిడ చెప్పింది చెప్పినట్టే ఇది.

మా నాన్న గురించా? ముందు ఆ అట్టు తిప్పు, మాడుతోంది. ఆఁ, తెలెస్ఫోర్ గదూరీ. ఫ్రాన్సులో మాకు కోట ఉండేదని చెప్పుకునేవాడులే. కోట ఉన్నవాడు సముద్రం దాటి ఇక్కడికొచ్చి మంచులో మోళ్లు పీక్కోవడం దేనికి అనేది అమ్మ, ఆయన బయటికెళ్లాక. మా దారి చివర సాంషగ్రిన్‌ల ఇల్లు. ‘ఆ పేరుకి అర్థం దిగుల్లేనివాడట, అదీ ఒక ఇంటిపేరేనా? తాగుబోతుకి దిగులేముంటుంది’ అని నాన్న ఎగతాళి. నేనేమో ఆ ఇంటి అబ్బాయి ఓవిలానే పెళ్లి చేసుకుంటానన్నాను. అవునే, మీ పెదనాన్నే. అప్పుడు అంత పొట్ట లేదులే.

నాన్న కేకలెయ్యలేదు. కోటు తొడుక్కుని ఫాదరుగారింటికెళ్లి పుట్టుకలూ పెళ్లిళ్లూ రాసే చర్చి పాత రిజిస్టర్లు తియ్యమన్నాడు. గదూరీల రక్తం ఎలాంటిదో కాగితం మీద చూపిస్తే నేనే సిగ్గుపడి మానుకుంటానని. నీకు తెలుసుగా, మనవాళ్లు పుట్టిన ప్రతి మగపిల్లాడికీ ముందు జోసెఫ్ తగిలిస్తారు. మొదటి చలికాలమంతా ఎవరి జోసెఫ్‌నో మా ముత్తాత అనుకుని వెంటపడ్డాడు. ఆ జోసెఫ్ పెళ్లి కాకుండానే పోయాడని మార్చిలో తేలింది. రెండో చలికాలం చివర మాత్రం నవ్వుకుంటూ వచ్చాడు. ఏం దొరికింది నాన్నా అంటే ‘చర్చిలో వింటావు’ అన్నాడు.

నాకప్పటికి ఇరవై ఒకటి నిండాయి, ఆయన ఒప్పుకోకపోయినా పెళ్లి ఆగదు. మూడు ఆదివారాలు చర్చిలో పెళ్లి సంగతి చాటించాలి, అంతే. మూడో ఆదివారం ఫాదరుగారు ‘ఈ పెళ్లికి అడ్డేదైనా తెలిసినవాళ్లు చెప్పండి’ అనగానే లేచాడే మా నాన్న. మీసం దువ్వుకుని. ‘ఉందండీ. వీళ్లిద్దరిదీ ఒకటే రక్తం. మొదట ఓడ దిగిన సిపాయి గదూరీకి పటాలంలో పెట్టిన పేరే సాంషగ్రిన్. పెద్దకొడుకు సంతతి సాంషగ్రిన్ అనే పేరు ఉంచుకుంది, చిన్నవాడి సంతతి గదూరీ. ఇవిగో కాగితాలు.’ ఫాదరుగారు వేళ్లు మడుస్తూ లెక్కపెట్టాడు. ‘ఏడు తరాలయ్యా తెలెస్ఫోర్. చర్చికి మూడు తరాల దాకానే పట్టింపు. కూర్చో.’ కూర్చోబోతున్నాడు పాపం, వెనక బెంచీలోంచి ఓవిలా వాళ్ల నాన్న ఎవారిస్త్ తాపీగా అన్నాడు: ‘అయితే పెద్దింటివాళ్లం మేమన్నమాట. ఏరా తమ్ముడూ, ఇన్నాళ్లూ చెప్పలేదేం? మధ్యాహ్నం రా, మనవాళ్లందరం తాగుతున్నాం.’

చర్చిలో అలాంటి నవ్వు నేను మళ్లీ వినలేదు. ఇక అక్కణ్ణుంచి, నాన్న కొట్టుకెళ్లినా కొలిమికెళ్లినా ‘రండి సాంషగ్రిన్‌గారూ’ అనేవాళ్లే. ఆ పేరుతో పిలిస్తే పలికేవాడు కాదు. పెళ్లికి రాలేదు. కాదులే, వచ్చాడు, బయట గుర్రం దగ్గర నిలబడ్డాడు, చలిలో. నా పెద్దాడి బాప్తిస్మానికి మాత్రం లోపలికొచ్చాడు. రిజిస్టర్లో తాత సంతకం పెట్టాలి కదా. కలం పట్టుకుని ఎంతసేపో. ఫాదరుగారు దగ్గాడు కూడా. గదూరీ అని రాశాడు. ఆగాడు. దాని పక్కనే సాంషగ్రిన్ అని రాశాడు. ఎవరూ నవ్వలేదు. వాణ్ణి నా చేతుల్లోంచి తీసుకుని...

ఆ పాకం సీసా ఇలా ఇయ్యి. అట్టు చల్లారిపోయింది.

మర్నాడు పొద్దున, ఫెర్నాన్ అన్నయ్య రాకముందే, ఫొటో కింద అచ్చేసిన పేరు పక్కన చీటీలు రాసే కలంతో రెండో పేరూ రాశాను. పేజీ తిప్పేటప్పుడు నా వేలికున్న సిరా కొంచెం సింహం మీద అంటింది.